బంగారు తల్లులు కాని వాళ్ళ మాటేమిటి?

రాజేష్ టచ్‌రివర్ తీసిన ‘నా బంగారు తల్లి’ మళ్ళీ చూశాను. 2013 సంవత్సరానికి జాతీయ ఉత్తమ తెలుగు చిత్రం. అయినా 2014 నవంబరు దాకా మన థియేటర్ల మొహం చూడలేదు (పెద్ద హీరో ఉంటే ఇలా జరిగేదా?). నిర్మాత సునీతా కృష్ణన్. 1996లో హైదరాబాద్‌లో మెహబూబ్ కీ మెహందీని ఖాళీ చేయించాక, అక్కడి స్త్రీల పిల్లల కోసం చిన్న బడితో ‘ప్రజ్వల’ మొదలుపెట్టినావిడ.

ఇందులో అమ్మాయిల్ని అమ్మేవాడు గళ్ళలుంగీ రౌడీ కాదు. నలుగురూ గౌరవించే పెద్దమనిషి, కూతుర్ని కళ్ళల్లో పెట్టుకుని చూసుకునే తండ్రి. బయట వ్యాపారి, ఇంట్లో నాన్న. రెండూ ఒకే చేతులు. ఇంత సూటిగా ఇంటి గడప లోపలికి వచ్చిన తెలుగు సినిమా నాకు మరొకటి గుర్తు రాదు. ఆ ఉచ్చులోనే కూతురు చిక్కుకున్నప్పుడు మనకి ఊపిరాడదు. అంజలి పాటిల్ నటనకి జాతీయ అవార్డుల్లో ప్రత్యేక ప్రస్తావన ఊరికే రాలేదు.

కానీ నా పేచీ అక్కడే. మన దుఃఖమంతా తన కూతురికి కూడా జరిగిందనే కదా! అతను అంతకు ముందు అమ్మిన ఆడపిల్లల ఇళ్ళూ, వాళ్ళ అమ్మలూ మనకి పెద్దగా తెలీదు. తండ్రి పాపానికి కూతురు శిక్ష అనుభవించడం పాత కథే. ఆమె నొప్పి అతని పశ్చాత్తాపానికి ముడిసరుకైపోతుంది.

‘అక్రమ రవాణా’ అన్న మాట కూడా నాకు ఇబ్బందే. లారీలూ బస్తాలూ గుర్తొస్తాయి. పాలెర్మో ప్రోటోకాల్ (2000) ప్రకారం అసలు విషయం దోపిడీ. మోసం, బెదిరింపు, నిస్సహాయత ఉన్నచోట ‘ఒప్పుకుని వెళ్ళింది’ అన్న మాట చెల్లదు. పిల్లల విషయంలో మోసం రుజువు కానక్కర్లేదు. మన పాత ఐపీసీ 370, ఇప్పటి న్యాయ సంహిత 143 కూడా బాధితురాలి సమ్మతిని లెక్కలోకి తీసుకోవు. పత్రికలేమో ఇప్పటికీ ‘పట్టుబడిన యువతులు’ అనే రాస్తాయి. పట్టుబడింది ఎవరు?

విడిపించాక కథ అయిపోయిందనుకోవడం ఇంకో తేలిక. 1956 నాటి చట్టం కింద పెద్దవాళ్ళైన స్త్రీలని కూడా ఏడాది నుంచి మూడేళ్ళ దాకా హోముల్లో ఉంచవచ్చు. ఇష్టం లేకుండా ఉంచినవాళ్ళని గుర్తించి, గడువు పెట్టి విడుదల చేసే ఏర్పాటు చూడమని సుప్రీంకోర్టు 2022 మేలో చెప్పాల్సి వచ్చింది. రక్షణకీ నిర్బంధానికీ మధ్య ఉండే ఆ తలుపు గురించి మన కథల్లో ఎంత తక్కువ రాశామో!

పిల్లలకి 1098, స్త్రీలకి 181, అత్యవసరానికి 112. అనుమానం చాలు, ఫోను చేసేవాళ్ళు రుజువులు వెతకనక్కర్లేదు. ఫోటో, ఊరి పేరు ఎక్కడా పెట్టకపోవడం కూడా సాయమే.

పోయిన నెల క్లాసులో ఈ సినిమా వేశాక, పిల్లల్ని కూతురి గురించి రాయమనలేదు. తండ్రి అమ్మిన మిగతా అమ్మాయిల్లో ఒకామె గురించి నాలుగు పేజీలు రాసుకు రమ్మన్నాను.