పగులు చోటు మార్చుకుంటుంది

శ్రీకాకుళం నుంచి భిలాయి-3కి వచ్చే చుట్టాలు తరచూ అడిగే మాట ఒకటుంది: "ఇన్నేళ్లుగా రైలు పట్టాలు చేస్తూనే ఉన్నారు కదా బావా, ఇంకా పరిశోధించడానికి ఏముంది?" ఉక్కు ముక్కను కోసి, నునుపు చేసి, సూక్ష్మదర్శిని కింద చూడటమే ఉద్యోగంగా బతికినవాణ్ని. ఆ ప్రశ్నకు నా దగ్గరున్న జవాబు హైడ్రోజన్‌తో మొదలవుతుంది.

ఇక్కడి భిలాయి ఉక్కు కర్మాగారంలో మొదటి బ్లాస్ట్ ఫర్నేస్‌ను 1959లో రాజేంద్రప్రసాద్ ప్రారంభించారు. ఆ తర్వాత ఏడాదే పట్టాల మిల్లు నడక మొదలైంది. ఉక్కు తయారీలో వేసే సున్నంలోనో, కలిపే లోహాల్లోనో కాస్త తేమ ఉంటే చాలు, అందులోని హైడ్రోజన్ కరిగిన ఉక్కులో చేరుతుంది. ఉక్కు చల్లారేకొద్దీ ఆ వాయువుకు లోపల చోటు తగ్గి, వెంట్రుకవాసి పగుళ్లు పుడతాయి. పైకి పట్టా నున్నగానే కనిపిస్తుంది. బయటపడేది బండి బరువు కిందే. పట్టాలను గుంటల్లో పెట్టి గంటల తరబడి మెల్లగా చల్లార్చడం పాత మందు. కరిగిన ఉక్కును శూన్యంలో ఉంచి వాయువును లాగేయడం తర్వాత వచ్చింది.

అంతటితో కథ కంచికి వెళ్లలేదు. వ్యాగన్ల బరువు పెరిగింది, పట్టాల అరుగుదలా పెరిగింది. సరే, పట్టా తలను వేడిచేసి చల్లార్చి గట్టిపరిచారు. అరుగుదల తగ్గింది. కానీ మెత్తటి పట్టా అరిగేటప్పుడు పైపొరలో పుట్టే సన్న పగుళ్లనూ తనతోపాటే పోగొట్టుకునేది. గట్టి పట్టా అరగదు కాబట్టి పగులు అక్కడే ఉండి లోతుకు దిగుతుంది. చక్రాల రాపిడితో పుట్టే ఇలాంటి పగుళ్లను సకాలంలో పట్టుకోకపోతే ఏమవుతుందో 2000 అక్టోబరులో ఇంగ్లండ్‌లోని హాట్‌ఫీల్డ్ చూపింది. పట్టా ముక్కలై నలుగురు చనిపోయారు. ఇప్పుడు పట్టాలను యంత్రాలతో సానబడుతున్నారు. ఎప్పుడు, ఎంత మందం తీయాలన్నదే ఒక శాస్త్రమైంది.

ఉక్కులోంచి తరిమేసిన ఆ హైడ్రోజనే ఇప్పుడు కోక్ బదులు ఖనిజాన్ని ఇనుముగా మార్చడానికి కావలసివస్తోంది. స్వీడన్ 2021లో అలా ఉక్కు చేసి చూపింది. ఆ పద్ధతిని ఇక్కడికి ఉన్నదున్నట్టు తెచ్చుకోలేం. బ్లాస్ట్ ఫర్నేస్‌లో ఖనిజంలోని మట్టి, అల్యూమినా స్లాగ్‌గా విడిపోతాయి. హైడ్రోజన్ దారిలో అవి ఇనుముతోనే మిగిలిపోతాయి. మన ఖనిజాల్లో అల్యూమినా పాలు ఎక్కువ. దాని సంగతి మనమే తేల్చుకోవాలి.

అందుకే చుట్టాలకు చెబుతుంటాను. పరీక్షలో పట్టా నెగ్గిందంటే ఇంత బరువుకు, ఇంత వేగానికి, ఈ వాతావరణానికి నెగ్గిందని అర్థం. బరువు పెంచమని గనులవాళ్లు, వేగం పెంచమని ప్రయాణికులు అడుగుతూనే ఉంటారు. వాళ్లు అడగడం మానేదాకా ప్రయోగశాలకు సెలవు లేదు.