దారి లేని చోట పరుగు

ఇంగ్లండ్ వాయవ్య మూలన, లేక్ డిస్ట్రిక్ట్‌లో కెజిక్ అనే చిన్న ఊరుంది. ఆ ఊరి బజారు నడుమ మూట్ హాల్ అనే పాత భవనం. వేసవిలో ఏదో ఒక అర్ధరాత్రి దాని మెట్ల దగ్గర నలుగురైదుగురు తలకు లైట్లు కట్టుకుని, గడియారం చూసుకుంటూ కనిపిస్తారు. వాళ్లలో ఒకరు 24 గంటల్లో 42 కొండలెక్కి, మళ్లీ ఈ మెట్ల దగ్గరికే రావాలి. దూరం సుమారు 106 కిలోమీటర్లు. ఎక్కే ఎత్తంతా కలిపితే 8,200 మీటర్ల దాకా తేలుతుంది. ఫ్లెక్సీలు ఉండవు, మైకులు ఉండవు, ప్రైజు మనీ అసలే ఉండదు. దీని పేరు బాబ్ గ్రాహమ్ రౌండ్.

బాబ్ గ్రాహమ్ కెజిక్‌లో అతిథిగృహం నడుపుకున్న మనిషి. 1932 జూన్ 13న, అర్ధరాత్రి దాటిన గంటకు బయల్దేరి 23 గంటల 39 నిమిషాల్లో చుట్టి వచ్చాడు. కాళ్లకు టెన్నిస్ బూట్లు, ఒంటి మీద పైజామా చొక్కా, తిండికి బ్రెడ్డూ వెన్నా, ఉడికించిన గుడ్డూ అని చెబుతారు. అంతకుముందు ఆ కొండలన్నీ తిరిగి చూసుకునేటప్పుడు బూట్లు అరిగిపోతాయని ఉత్త కాళ్లతో నడిచాడట. మిగతావి ముచ్చట్లు గానీ, నా దృష్టిలో అసలు కిటుకు ఈ ఉత్త కాళ్లలోనే ఉంది. ఎక్కడ గడ్డి గట్టిగా ఉంటుందో, ఎక్కడ అడుగు దిగబడుతుందో అరికాలికి తెలిసినట్టు కంటికి తెలియదు. ఆయన తర్వాత 28 ఏళ్ల దాకా ఎవరివల్లా కాలేదు. 1960లో అలన్ హీటన్ చేసి చూపించాడు. ఇప్పుడు ఆ పేరుతో ఉన్న క్లబ్బులో 2,500 మందికి పైగా ఉన్నారు.

ఈ పరుగుకు గీసిన దారి అంటూ లేదు. చేరాల్సిన శిఖరాలు ఖాయం, వాటి నడుమ ఎలా పోవాలన్నది ఎవరిష్టం వాళ్లది. ఫెల్ రన్నింగ్ అనే ఈ సంప్రదాయానికి మూలం గొర్రెల కాపరులు, కొండలు చూపించే గైడ్లు. ఊరి జాతరలాంటి క్రీడల్లో ఎదురుగా ఉన్న కొండెక్కి, జెండా చుట్టి, కిందికి దూకడమే పందెం. గ్రాస్‌మియర్‌లో గైడ్ల పందెం 1868 నుంచీ ఉంది. అక్కడి హెర్డ్‌విక్ గొర్రెలకు కంచెలు అక్కర్లేదు. ఏ కొండవాలు తమదో పిల్ల గొర్రె తల్లి వెంట తిరిగి నేర్చుకుంటుంది, పెద్దయ్యాక దాన్ని వదిలిపోదు. తరాల తరబడి ఆ గొర్రెలు నడిచిన సన్నని జాడలు కొండల నడుము చుట్టూ సాగుతాయి. నిలువుగా ఎక్కి దిగే శ్రమ తప్పించే దారులు అవే. పరుగువాళ్లు వాటిని కళ్లకద్దుకుంటారు.

ఎక్కడం మంచిదా, చుట్టు తిరగడం మంచిదా? దీనికి ఒక పాత లెక్క ఉంది. 1892లో విలియం నైస్మిత్ అనే స్కాట్లండ్ పర్వతారోహకుడు చెప్పాడు: నడకకు 3 మైళ్లకు ఒక గంట, దాని మీద ఎక్కే ప్రతి 2,000 అడుగులకు ఇంకో గంట. లెక్క కడితే ఒక మీటరు ఎక్కడమంటే దాదాపు 8 మీటర్లు చదును నేల మీద నడిచినట్టు. 50 మీటర్ల మిట్ట అడ్డొచ్చిందనుకోండి. చుట్టూ తిరిగితే 400 మీటర్ల లోపు పెరిగేట్టుంటే చుట్టుదారే లాభం. అయితే కాగితం మీది లెక్కకు నేల ఎప్పుడూ లొంగదు. వాలుకు అడ్డంగా పోతే చీలమండలు మెలితిరుగుతాయి. ఏప్రిల్‌లో హాయిగా సాగిన చోట ఆగస్టుకల్లా బ్రాకెన్ ఫెర్న్ నడుమెత్తు పెరిగి కాలు కదలనివ్వదు.

పొగమంచు దిగితే ఇంకో విద్య కావాలి. వాగు మీదున్న చిన్న వంతెన చేరాలి, పది గజాల అవతల ఏమీ కనబడదు. దిక్సూచిని నేరుగా వంతెనకే గురిపెట్టారనుకోండి, గురి కాస్త తప్పి వాగు తగిలాక వంతెన కుడినుందో ఎడమనుందో తెలీదు. అందుకని ఆరితేరినవాళ్లు కావాలనే ఎడమకు జరిపి గురిపెడతారు. వాగు తగలగానే కుడికి తిరిగితే సరి. వంతెనను వెతికే పని లేదు. కొండవాలున రాళ్లు పేర్చి కట్టిన పొడవాటి గోడలుంటాయి. పొగమంచులో అంధుడికి చేతికర్రలా వాటిని పట్టుకుని పోతారు. పందేలలో మ్యాపు, దిక్సూచి, విజిలు, వాన కోటు వెంట ఉండాలని నిబంధన పెట్టింది ఊరికే కాదు. జూన్‌లో కూడా ఆ శిఖరాల మీద చలివాన మనిషిని ముంచుతుంది.

ఎక్కేటప్పుడు మేటి పరుగువాళ్లు కూడా నడుస్తారు. చేతులు మోకాళ్ల మీద ఆనించి, వంగి, చిన్న చిన్న అడుగులతో. ఇందులో చూసేందుకు గొప్పేమీ లేదు. గొప్పంతా దిగడంలో ఉంది. అలిపిరి మెట్లెక్కి, మళ్లీ కాలినడకనే దిగినవాళ్లకు తెలుసు, మోకాళ్ల సంగతి బయటపడేది దిగేటప్పుడే. భయపడి వెనక్కి వాలితే మడమ జారుతుంది, ప్రతి అడుగూ బ్రేకు వేసినట్టై తొడలు చచ్చుబడతాయి. శరీరాన్ని వాలుతో పాటు కొద్దిగా ముందుకు వదలాలి. అడుగులు చిన్నవిగా, వేగంగా పడాలి. కాలు నేల మీద నిలిచేలోపే తీసేయాలి. చూపు కాలి మీద కాక మూడు నాలుగడుగులు ముందుండాలి. చేతులు రెక్కల్లా విప్పి తూకం నిలుపుకోవాలి. చిల్లరాళ్లు జారే వాలులో మాత్రం మడమ దింపి రాళ్లతో పాటే జారిపోవడం ఒక సరదా. బూట్లకు మెత్తని పలచటి అట్ట, కింద రబ్బరు ముళ్లు. నేల తగలాలన్నది గ్రాహమ్ కాలం నుంచీ మారని సూత్రం.

1975లో వాస్‌డేల్ లోయ గొర్రెల కాపరి జాస్ నేలర్ 24 గంటల్లోపు 72 శిఖరాలు చుట్టాడు. నడుముకు ఆపరేషన్ అయిన మనిషి. 1986లో లేక్ డిస్ట్రిక్ట్‌లోని 214 కొండల్ని 7 రోజుల 1 గంట 25 నిమిషాల్లో ముగించాడు. ఇక రౌండ్ విషయానికొస్తే, 1982లో తాపీ పని చేసే బిల్లీ బ్లాండ్ దాన్ని 13 గంటల 53 నిమిషాల్లో పూర్తి చేశాడు. ఆ రికార్డు 36 ఏళ్లు నిలిచింది. 2018లో దాన్ని 12 గంటల 52 నిమిషాలకు దింపింది ప్రపంచమంతా తిరిగి గెలిచిన కటలన్ పర్వత పరుగువీరుడు కీలియన్ జోర్నెట్. ఆయనకు కూడా స్థానికులే వంతులవారీగా తోడుండి దారి చూపించారు. ఆ కొండల్లో అంతటివాడికైనా ఊరివాళ్ల మాటే దారి. నిక్కీ స్పింక్స్ అనే రైతు మహిళ 2016లో ఈ చుట్టును వెనువెంటనే రెండుసార్లు పూర్తిచేసి, 45 గంటల 30 నిమిషాల్లో కెజిక్ చేరింది.

ఇప్పుడు చేతి గడియారంలో దారి గీత కనబడుతుంది, దాన్ని పట్టుకుని పరిగెత్తితే చాలు. బతికి బయటపడటానికి అది పనికొస్తుంది, కాదనను. కానీ అందరూ ఒకే గీత పట్టుకోవడంతో కొండ మీద మట్టి కోసుకుపోయి కొత్త గాట్లు పడుతున్నాయి. వాటిని పూడ్చడానికి ఫిక్స్ ద ఫెల్స్ స్వచ్ఛంద కార్యకర్తలు రాళ్లు మోయాల్సి వస్తోంది. ఎవరి దారి వాళ్లు వెతుక్కున్న కాలంలో అడుగులు నలుదిక్కులా చెదిరేవి, కొండ వాటిని ఇముడ్చుకునేది.

బ్రిటన్‌లో ఉన్న మనవాళ్లు విండర్‌మియర్ పడవ షికారుకు వెళ్తూనే ఉంటారు. వాళ్లలో ఎవరికైనా ఈ పరుగు మీద మనసైతే, ముందు చేయాల్సింది పరిగెత్తడం కాదు, ఇంకొకరికి సాయపడటం. అక్కడి ఆనవాయితీ అదే. చుట్టు మొత్తాన్ని అయిదు భాగాలు చేసుకుంటారు. భాగం భాగానికీ కొత్త తోడు వస్తారు. ప్రతి శిఖరం చేరినట్టు సాక్షిగా నిలిచి, సమయం రాసేది వాళ్లే. తిండి, నీళ్లు, మ్యాపు మోసేదీ వాళ్లే. పరుగు తీసేవారికి దారి తప్ప వేరే ధ్యాస ఉండకూడదు. డన్‌మెయిల్ రెయిజ్ దగ్గర రోడ్డు పక్కన తెల్లవారుజామున కారు ఆపుకుని టీ కాచేవాళ్లు కొందరు. స్కాఫెల్ పైక్ దాటాక బ్రాడ్ స్టాండ్ అనే రాతి గోడ వస్తుంది. అది తప్పించుకోవాలంటే చుట్టు తిరగాలి, సమయం పోతుంది. ముందే చేరి పైనుంచి తాడు వేసి కాచుకునేవాళ్లు మరికొందరు. అలా ఏడాదో రెండేళ్లో తాడు పట్టి, టీ కాచి, ఒక్కో కొండ చొప్పున నేల నేర్చుకున్నాకే చాలామంది మూట్ హాల్ మెట్ల దగ్గర తమ గడియారం నొక్కుతారు.