తిన్నడు వండిన వంట

జపాన్ వాళ్ల 'తతాకి' గురించి వంటల పుస్తకంలో కనిపిస్తే మనలో చాలామంది గబుక్కున పేజీ తిప్పేస్తాం. పచ్చిమాంసం అన్న మాట ఒక్కటి చాలు కదా! నేను శాకాహారిని. అయినా పేజీ తిప్పకుండా చదివాను. చదువుతుంటే ధూర్జటి గుర్తొచ్చాడు.

తతాకి అంటే ఆ భాషలో తట్టడం, కొట్టడం. చేపనో, మాంసపు కండనో పెద్దమంట మీద అన్నివైపులా కాసేపు చూపించి తీసేస్తారు. పైపొర కాలుతుంది, లోపల పచ్చిగానే ఉంటుంది. చల్లార్చి, పల్చగా కోసి, 'పొన్‌జు' అనే పులుపుతో వడ్డిస్తారు. యూజు పండు రసంలో సోయా సాస్ కలిపితే పొన్‌జు. యూజు మన దబ్బకాయకు దూరపు చుట్టం అనుకోండి. తొసా ప్రాంతం వాళ్లయితే చేపను గడ్డిమంట మీదే కాలుస్తారు.

రాస్తే నాలుగు వాక్యాల వంట. కానీ ఏ ముక్క మంచిది, ఎంత తాజాది, మంట మీంచి ఎప్పుడు తియ్యాలి - ఇవన్నీ వండే మనిషి కంటికీ చేతికీ తెలియాలి. పులుపు తగిలితే మాంసం ఉడికినట్టు తెల్లబడుతుందే గానీ అందులోని క్రిములన్నీ చావవు. జపాన్‌లోనే 2011లో హోటల్లో పచ్చి గొడ్డుమాంసం తిని అయిదుగురు చనిపోయారు. 2012లో పచ్చి కాలేయం అమ్మకూడదని ప్రభుత్వం నిషేధం పెట్టింది. అంటే, ఈ వంటకం తినేవాళ్లు రుచి సంగతి తర్వాత, ముందు వండినవాళ్లను నమ్మాలి.

ఇలాంటి నమ్మకం మీద నిలబడ్డ వంట మన సాహిత్యంలో ఒకటుంది. పదహారో శతాబ్దంలో ధూర్జటి రాసిన 'శ్రీకాళహస్తీశ్వర మాహాత్మ్యం'లో తిన్నడు చేసిన వంట. కన్నప్ప అనగానే మనకు కళ్లే గుర్తొస్తాయి. 1976లో బాపు తీసిన 'భక్త కన్నప్ప' చూసినా, 2025లో వచ్చిన 'కన్నప్ప' చూసినా హాల్లో అందరూ ఎదురుచూసేది ఆ కళ్ల ఘట్టం కోసమే. పిల్లలకు కథ చెప్పేటప్పుడు మాంసం సంగతి మనమే గొంతు తగ్గించి, 'ఏదో నైవేద్యం పెట్టాడులే' అని దాటేస్తాం. నా అభ్యంతరం అక్కడే.

తిన్నడి భక్తి అంతా ఆ వంటలోనే ఉంది. వేటాడిన మాంసాన్ని కాలుస్తాడు. నోట వేసుకుని రుచి చూస్తాడు. బాగున్నది ఏరి ఆకుదొప్పలో పెడతాడు. చేతులు ఖాళీ లేవు గనక నీళ్లు పుక్కిట పట్టి తెస్తాడు. ఇంతకుముందు శివుణ్ణి మా ఊరు ఉడుమూరుకు వచ్చెయ్యమని కూడా బతిమాలాడు. ఈ అడవిలో ఒంటరిగా ఎందుకు, మా ఊళ్లో తినడానికి ఇవున్నాయి, అవున్నాయి అని ఒకటే ఊరించడం! ఆ జాబితాలో అక్కడక్కడ బోయవాడి గొంతు పోయి ఆస్థానకవి గొంతు వినిపిస్తుంది. ధూర్జటి మీద నాకున్న ఫిర్యాదు అదొక్కటే. అయినా, పండక్కి పుట్టింటికి రమ్మని పిలిచే అన్నగారిలా దేవుణ్ణి పిలిచిన ఆ చనువు ముందు ఆ లోపం ఎంత?

మన ఇళ్లల్లో నైవేద్యం వండే ఇల్లాలు ఉప్పు కూడా చూడదు. ఎక్కువైందో తక్కువైందో దేవుడికి పెట్టాకే తెలుస్తుంది. మరి తిన్నడి ఎంగిలిని శివుడు ఎలా ఒప్పుకున్నాడు?

దీనికి జవాబు నాకు కాణిపాకం స్థలపురాణంలో దొరికింది. కాళహస్తి 2022లో తిరుపతి జిల్లాలోకి వెళ్లింది గానీ, అంతకుముందు రెండూ చిత్తూరు జిల్లావే. వినాయకుడి గుడి దగ్గర పారే బాహుదా నదికి ఆ పేరు ఎందుకొచ్చిందో అక్కడివాళ్లను అడిగితే చెబుతారు. శంఖుడు, లిఖితుడు అన్నదమ్ములు. దారిలో ఆకలేసి తమ్ముడు తోటలోని మామిడిపండు అడక్కుండా కోసుకు తిన్నాడు. రాజు అతని చేతులు నరికించాడు. ఆ నదిలో మునిగితే చేతులు మళ్లీ వచ్చాయి.

అడక్కుండా తిన్నందుకు లిఖితుడికి శిక్ష పడింది, పెట్టకుండానే తిన్న తిన్నడికి మోక్షం దొరికింది. లిఖితుడు తన ఆకలి కోసం తిన్నాడు. తిన్నడు, 'సామికి ఇది బాగుంటుందా?' అని తిన్నాడు. చంటిపిల్లకు పాలు పట్టేముందు చేతిమీద చుక్క వేసుకుని వేడి చూసే తల్లికి ఈ తేడా ఎవరూ వివరించక్కర్లేదు.

అందుకే మాంసాన్ని తీసేస్తే కథ కూలిపోతుందంటాను. తమిళంలో సేక్కిళార్ 'పెరియపురాణం'లో, శివుడి కన్ను నెత్తురు కారుతుంటే తిన్నడికి మాంసానికి మాంసమే మందన్న మాట గుర్తొస్తుంది. మాంసం ఏరి, రుచి చూసి, తినిపించినవాడికే ఆ ఆలోచన తడుతుంది. కన్ను పెకలించి ఇవ్వడం అతనికి మహాత్యాగంగా కనిపించి ఉండదు. పొద్దున పెట్టినదాని తర్వాత ఇంకొక ముద్ద, అంతే.

పిల్లలకు ఈసారి కన్నప్ప కథ చెప్పేటప్పుడు వంట దగ్గర కాస్త ఆగండి. 'ఛీ, ఎంగిలి!' అంటారు వాళ్లు. అననివ్వండి. అక్కణ్ణుంచే అసలు కథ మొదలుపెట్టొచ్చు.