బావి వైపు, కరివేప వైపు

అమెరికాలో ఉన్న మా ఆడబిడ్డ కూతురు మొన్నొక రోజు పొద్దున్నే ఫోన్ చేసి, "అత్తా, మేమిద్దరం మాట్లాడుకోవడం లేదు" అంది. నా గుండె గుభేలుమంది. పెళ్ళై ఇంకా రెండేళ్ళు నిండలేదు మరి!

తీరా కనుక్కుంటే సంగతి ఇది. సెలవులకని ఇద్దరూ ట్రెయిలరొకటి అద్దెకు తీసుకున్నారట. ట్రెయిలరంటే కారు వెనక తగిలించుకుని పోయే చిన్న ఇల్లు. మంచం, పొయ్యి, స్నానాలగది అన్నీ అందులోనే. దాన్ని నిలుపుకోవడానికి చెట్ల మధ్య క్యాంపుసైట్లని చోట్లుంటాయి. ఆ చోట్లోకి దాన్ని వెనక్కి నడిపించి పెట్టాలి. అబ్బాయి నడుపుతున్నాడు. మా పిల్ల వెనక నిలబడి "ఎడమకి, ఎడమకి" అని అరిచింది. అతను పాపం స్టీరింగు ఎడమకే తిప్పాడు. ట్రెయిలరు కుడికి పోయి అక్కడున్న చెక్కబల్లని గుద్దింది. తర్వాత జరిగింది మీరు ఊహించుకోగలరు.

"సరిగ్గా మా కథే సినిమాగా ఉందత్తా, చూడు" అని పేరు చెప్పింది. 'ది లాంగ్ లాంగ్ ట్రెయిలర్'. 1954లో వచ్చిన సినిమా. క్లింటన్ ట్విస్ అనే ఆయన 1951లో రాసిన నవల ఆధారంగా విన్సెంట్ మినెల్లి తీశాడు. నాయికా నాయకులు లూసిల్ బాల్, డెసీ ఆర్నజ్. 'ఐ లవ్ లూసీ' పేరుతో టెలివిజన్లో అమెరికానంతా నవ్విస్తున్న జంట. అప్పటికి నిజజీవితంలో కూడా ఆలుమగలే.

కథ పెద్దదేం కాదు. పెళ్ళి కుదిరిన జంట. కాబోయే మగడిది ఊళ్ళు తిరిగే ఉద్యోగం. ఊరికో అద్దె కొంపలో కాపరం పెట్టే బదులు, ఇల్లే వెంట తీసుకుపోదామంటుంది కాబోయే భార్య. చిన్నది చూసొద్దామని వెళ్ళి 36 అడుగుల పసుపుపచ్చ ట్రెయిలరు కొనుక్కొస్తారు. మనం చీరల కొట్టుకి వెళ్ళినట్టే అనుకోండి. ఇక అక్కణ్ణుంచీ కష్టాలు. ఆవిడకి దారిలో నచ్చిన బండరాళ్ళు ఏరి దాచుకునే పిచ్చి. కొండదారిలో ఆ రాళ్ళూ, ఊరగాయ సీసాలూ దొర్లుతుంటే నవ్వలేక పొట్ట పట్టుకున్నాను. రాళ్ళని చూసి ఆవిణ్ణి వెర్రిదనుకోవద్దు. పుట్టింటి నుంచి రోలు తెచ్చుకున్న కోడళ్ళు మన ఇళ్ళలో లేరూ?

నేను చెప్పదలుచుకున్నది ఇంకో ఘట్టం గురించి. భార్య తరఫు బంధువుల ఇంటికి వెళ్తారు. వాకిట్లోకి ట్రెయిలరు వెనక్కి పెట్టాలి. చుట్టాలు, ఇరుగుపొరుగు అంతా పోగై, తలా ఒక సలహా కేకలేస్తుంటారు. ఆ గోలలో ఆయన వెనక్కి నడిపి, ఆ ఇంటావిడ ముద్దుగా పెంచుకున్న గులాబీ పొదని తొక్కించి, ఇంటిని కూడా కాస్త విరగ్గొడతాడు.

ఆ గోల తీయడంలో మినెల్లిని మించినవాడు లేడు. అంతమంది మాట్లాడుతుంటే ఒక్క మాటా పనికొచ్చేది కాదు చూడండి, అది అచ్చు లోకంలో జరిగినట్టే ఉంది. కానీ నాకు అక్కడే ఒక ముల్లు గుచ్చుకుంది. గులాబీ నలిగింది, జనం నవ్వారు, కథ ముందుకి పోయింది. మరి ఆ మనిషి ఎక్కడ తప్పాడు? ఆ తర్వాత ఎలా నేర్చుకున్నాడు? ఆ ఊసే లేదు. చేతకానివాడు నవ్వు పుట్టిస్తాడు, నేర్చుకుంటున్నవాడు పుట్టించడు, అందుకని నేర్చుకోవడాన్ని కత్తిరించేశారని నా ఫిర్యాదు.

ఇంత పట్టింపు నాకెందుకంటే, గులాబీ స్థానంలో మా ఇంట్లో కరివేప చెట్టు ఉంది కనక.

మాది నెల్లూరు జిల్లా తోటపల్లి గూడూరు. సముద్రపు గాలి ఇంట్లోకి వచ్చే ఊరు. వరి, రొయ్యల గుంటలు మా బతుకు. రెండేళ్ళ క్రితం మావారికి నడుముకి ఆపరేషనైంది. ట్రాక్టరు ఎక్కొద్దన్నారు డాక్టర్లు. కోతల రోజుల్లో డ్రైవరు దొరకడం దేవుడు దొరికినట్టే. కళ్ళంలో ధాన్యముంది. మా లెక్కలో పుట్టి అంటే 850 కిలోలు. అలాంటివి ఎన్నో మబ్బు కింద పడున్నాయి. బస్తాలెత్తిన ట్రక్కుని సందులోంచి వెనక్కి పట్టి కొట్టంలో పెట్టాలి. ముందుకు నడపడం నాకు అంతో ఇంతో వచ్చు. ధైర్యం చేసి ఎక్కాను.

పక్కింటి మగవాళ్ళంతా వచ్చి నిలబడ్డారు. "కుడికి కొట్టక్కా!" అని ఒకరు. "గమ్మునుండరా, ఎడంపక్కకి గదా!" అని ఇంకొకరు. ట్రక్కు అడ్డంగా మడుచుకుపోయి, మా అత్తగారు ముప్ఫై ఏళ్ళుగా కాపాడుకుంటున్న కరివేపని సగానికి విరిచింది. ధాన్యాన్ని ఆ రాత్రి పట్టలు కప్పి కాపాడుకున్నాం. అత్తగారు రెండు రోజులు నాతో మాట్లాడలేదు.

మూడో రోజు ఆవిడే వచ్చి, "ఎద్దుల్ని ఇప్పేసినాక బండిని కొట్టంలోకి ఎట్ట తోసేవాళ్ళో నువ్వు చూళ్ళేదా మే? నొగ ఎడంపక్కకి లాగితే బండెనక కుడిపక్కకి పోద్ది. ఇంజనుకి మాత్రం ఇంకో ధర్మమా?" అంది.

అంతేనండీ విద్య! ట్రాక్టరు ఇప్పుడు నొగ. దాని వెనక భాగం ఎటు పోతే ట్రక్కు తోక దానికి ఎదురుగా పోతుంది. స్టీరింగు కింది అంచున చెయ్యి పెట్టి, ట్రక్కు ఎటు పోవాలో చేతిని అటే జరిపితే చాలు. అది తిరగడం మొదలెట్టగానే స్టీరింగు మళ్ళించి దాని వెంట పోవాలి. ఆలస్యమైతే మడత పడుతుంది. పడితే సిగ్గుపడకుండా ముందుకొచ్చి మళ్ళీ మొదలెట్టాలి. పొట్టి ట్రక్కు చటుక్కున మడుచుకుంటుంది, పొడుగుది నింపాదిగా తిరుగుతుంది. ఆ లెక్కన సినిమాలో 36 అడుగులది మా ట్రక్కుకన్నా సాధువు. ఆ పెద్దమనిషికి కావలసిందల్లా కాస్త జాగా, నోరు మూసుకునే చుట్టాలూ. (మాది రెండు చక్రాల ట్రక్కు. ముందు ఇరుసు విడిగా తిరిగే నాలుగు చక్రాల దాని జోలికి నేనింకా పోలేదు.)

ఇక కుడి ఎడమల గొడవ. ఎడమంటే స్టీరింగు ఎడమా, ట్రక్కు ఎడమా? సీటు మీద వెనక్కి తిరిగి చూస్తున్న నా ఎడమా, వెనక నిలబడ్డ ఆవిడ ఎడమా? మా అత్తగారు ఆ రెండు మాటలే మానేసింది. "బావి వైపు", "కరివేప వైపు", "ఆగు". మూడే. ఆవిడొక్కతే చెప్పాలి. ఆవిడ నాకు కనపడకపోతే నేను ఆపెయ్యాలి. పదిహేను రోజులు ఖాళీ ట్రక్కుతో తిప్పలు పడ్డాను. కొట్టం గోడకి ఇప్పటికీ రెండు గాట్లున్నాయి.

ఈ పదిహేను రోజులూ సినిమాలో లేవు. ఏ మాటకా మాట చెప్పుకోవాలి, నా నవలలోనూ లేవు. ఎప్పుడో రాసిన నవలలో భర్త పోయిన నా కథానాయిక 'నెల తిరక్కుండా ట్రాక్టరు నడపడం నేర్చుకుంది'. ఒక్క వాక్యం! దాన్ని చదివి ఎంతమంది నన్ను మెచ్చుకుంటూ ఉత్తరాలు రాశారో. మా ఊరి పాఠకురాలొకావిడ మాత్రం, "ఎవరు నేర్పారమ్మా ఆవిడకి?" అని అడిగింది. నవ్వేసి ఊరుకున్నాను. మినెల్లి మీద రాళ్ళేసే ముందు నా చేతిలో రాయి నాకే తగలాలి. ఆయన దెబ్బ చూపించి దాటేశాడు, నేను దెబ్బ కూడా చూపించకుండా దాటేశాను. ఆయనే నయం.

మా మేనకోడలికి ఫోన్ చేసి, ఎడమా కుడీ మానెయ్యండి, చెట్టు వైపు, బల్ల వైపు అనుకోండని చెప్పాను. ముందు నుంచి దూరి అటు బయటికి పోయేలా ఉండే చోట్లు కూడా దొరుకుతాయట, వెనక్కి నడిపే పనే ఉండదట. ఈసారి అలాంటిది తీసుకుందామని అతనంటే, వద్దు, వెనక్కే పెడదామంది పిల్ల. స్టీరింగు తనకిమ్మందట.

ఆ పాత నవల మళ్ళీ అచ్చు వేస్తామంటున్నారు. ఆ వాక్యం కొట్టేసి రాయడం మొదలుపెట్టాను. పదకొండు పేజీలైంది. ట్రక్కు ఇంకా సందులోనే ఉంది.