విరిగిన కత్తి

చైనా కత్తియుద్ధాల సినిమా అనగానే మనవాళ్ళు చాలామంది పెదవి విరుస్తారు. గాలిలో గెంతడం, నెత్తురు కారడం తప్ప ఏముందంటారు. వారు ఒక్కసారి 1967లో షా బ్రదర్స్ వారికి చాంగ్ చె తీసిన ‘వన్ ఆర్మ్‌డ్ స్వోర్డ్స్‌మన్’ చూడాలని నా మనవి.

నాయకుడు (జిమ్మీ వాంగ్ యూ) నౌకరు కొడుకు. యజమానిని కాపాడబోయి తండ్రి ప్రాణం విడిస్తే, ఆ యజమానే గురువై కుర్రవాడికి విద్య నేర్పుతాడు. తోటి శిష్యులకు మాత్రం అతడెప్పటికీ నౌకరు కొడుకే. గురువుగారి కూతురు ఉక్రోషంలో అతని కుడిచెయ్యి నరికేస్తుంది. చేరదీసిన పల్లెపడుచు దగ్గర సగం కాలిన కత్తిసాము పుస్తకం ఒకటుంటుంది. మిగిలింది ఎడమచేతి పాఠాలే! తండ్రి వదిలిన విరిగిన కత్తితో వాటిని సాధన చేస్తాడు.

ఇక శత్రువులు గురువుగారి పద్ధతి కత్తిని బిగించి పట్టేసే సాధనం ఒకటి తయారుచేస్తారు. శిష్యులు ఒక్కొక్కరే దానికి బలి. ఈ పొట్టికత్తి మాత్రం దానికి చిక్కదు. నౌకరు కొడుకు విలువేమిటో దర్శకుడు ఎవరి నోటా చెప్పించడు, కత్తి పొడవుతోనే చెప్పేస్తాడు.

ఆడవాళ్ళ విషయంలోనే నాకు పేచీ. అంతకు ముందు ఏడాదే, అదే సంస్థకు కింగ్ హు తీసిన ‘కమ్ డ్రింక్ విత్ మీ’లో చెంగ్ పేపే సత్రం నిండా ఉన్న బందిపోట్లను ఒంటరిగా ఎదిరించింది. ఇక్కడ వాళ్ళ పని చెయ్యి నరకడం, లేకపోతే కన్నీళ్ళు పెట్టుకోవడం.

అయినా ముగింపు చూసి క్షమించాను. గురువు ఋణం తీర్చి, ఉండమన్నా ఉండక, ఆ పల్లెపిల్లతో సేద్యానికి వెళ్ళిపోతాడు. మన జానపద వీరుడైతే ఈపాటికి రాకుమారి పక్కన సింహాసనం ఎక్కి కూర్చునేవాడు.