వానకు కళ్లు, ఎండకు ఆకు

జన్నారం దాటి కవ్వాల్ అడవిలోకి పోతే, ఎండలు ముదిరే వేళకు టేకు ఆకు రాలి నేలంతా గోధుమరంగుకు తిరిగి ఉంటుంది. ఆ ఆకుల మధ్య రెక్కలు మూసుకుని కూర్చునే సీతాకోకచిలుక ఒకటుంది. ఇంగ్లిషు పేరు కామన్ ఈవెనింగ్ బ్రౌన్, శాస్త్రనామం మెలానిటిస్ లెడా. పగలంతా నీడన కదలకుండా ఉండి పొద్దుగూకాక ఎగురుతుంది. వరండాలో లైటు వేస్తే ఇంట్లోకీ వస్తుంది. దీని గొంగళిపురుగు తినేది గడ్డి, వరి ఆకు. కాబట్టి కరీంనగర్ పొలాలకూ ఇది కొత్తది కాదు.

వానకాలంలో దీని రెక్క అడుగువైపు చూడండి. పలుచని రంగు మీద సన్నని గీతలు, అంచు వెంబడి వరసగా కంటిచుక్కలు ఉంటాయి. ఒక్కో చుక్కలో నడుమ తెల్లటి బిందువు, దాని చుట్టూ నలుపు, ఆపైన పసుపు వలయం. ఎండకాలపు రెక్కలో ఆ చుక్కలు దాదాపు మాయమవుతాయి. గోధుమ, బూడిద, తుప్పు రంగులు మచ్చలు మచ్చలుగా పరుచుకుంటాయి. ముందు రెక్క కొస కోసుగా పొడుచుకొస్తుంది. వీటన్నిటికన్నా నాకు ముచ్చటనిపించేది ఇంకొకటి. వానకాలపు రూపాలు చాలావరకు ఒకే తీరున ఉంటాయి, ఎండకాలపువి మాత్రం దేనికదే వేరు. రాలిన ఆకులు రెండు ఒక్కలా ఉండవు మరి. ఒక నమూనాను గుర్తుపెట్టుకుని వెతికే పిట్టకు ఇక్కడ పని సాగదు.

ఈ మార్పు ఎంత పెద్దదంటే, దీని బంధువు పీకాక్ పాన్సీ విషయంలో లిన్నేయస్ అంతటివాడే 1758లో ఎండకాలపు రూపాన్ని అల్మానా అనీ, వానకాలపు రూపాన్ని ఆస్టెరీ అనీ రెండు జాతులుగా రాసిపెట్టాడు. కలకత్తాలో లియోనెల్ డి నీస్‌విల్ ఈవెనింగ్ బ్రౌన్ కుటుంబంలోని కొన్ని సీతాకోకచిలుకలను స్వయంగా పెంచి, ఈ కాలభేదం సంగతేమిటో పరిశీలించి 1886లో ప్రచురించాడు. రెండూ ఒకే జాతా, వేర్వేరా అన్న తగువు తీర్చే దారి అదే. తల్లి ఒక రూపం, బిడ్డ మరో రూపం అయితే ఇక వాదనేముంది?

ఇప్పుడు రెక్కను విప్పి చూద్దాం. దాని మీది రంగంతా పొలుసులదే. ఒక్కో పొలుసు ఒక్కో కణం నుంచి పుడుతుంది, సాధారణంగా ఒకే రంగు వేసుకుంటుంది. కంటిచుక్క గీసే పెత్తనం మాత్రం నడిమధ్యలోని కొద్దిపాటి కణాలది. గొంగళిపురుగు ఒంట్లో రెక్క ఇంకా చిన్న బిళ్లగా ఉన్నప్పుడే ఆ కణాల్లో డిస్టల్‌లెస్ అనే జన్యువు పనిచేయడం మొదలుపెడుతుంది. కాళ్లు, మీసాలు తయారుచేసే పనిలో ఉండే పాత జన్యువే ఇది, రెక్క మీద మరో కొలువుకు కుదిరింది. ఆ కేంద్రం నుంచి వెలువడే సంకేతం అందిన దూరాన్ని బట్టి చుట్టుపక్కల కణాలు నలుపో పసుపో అవుతాయి. ఇది ఊహ కాదు. అప్పుడే ఏర్పడిన ప్యూపాలో ఆ కేంద్రాన్ని తీసి రెక్కలో మరోచోట అతికితే అక్కడ కొత్త కన్ను పుట్టింది, దాన్ని కాల్చేస్తే అసలు కన్నే రాలేదు. దీన్ని ఫ్రెడ్ నైహౌట్ 1980లో చూపించాడు.

మరి ఈ కేంద్రానికి కాలం సంగతి ఎవరు చెబుతారు? దీన్ని బాగా విప్పిచూపింది మలావి దేశపు చిన్న గోధుమరంగు సీతాకోకచిలుక బైసైక్లస్ అనినానా. మన అడవుల్లోని బుష్‌బ్రౌన్ సీతాకోకచిలుకలకు అది దాయాది. దాని పురుగుల్ని 27 డిగ్రీల వేడిలో పెంచితే పెద్ద కళ్లతో వానకాలపు రూపం వస్తుంది, 17 డిగ్రీలలో పెంచితే ఎండకాలపు, అంటే వానల్లేని పొడికాలపు రూపం. పురుగు మేత మానేసి, ప్యూపాగా మారే చోటు వెతుక్కుంటూ తిరిగే గంటల్లో దాని ఒంట్లో ఎక్డైసోన్ అనే హార్మోను ఎంత ఉందన్నదే కీలకం. వేడిలో పెరిగినదానికి ఎక్కువ, చల్లగా పెరిగినదానికి తక్కువ. ఆంటోనియా మొంతేరో బృందం 2015లో చల్లటి పురుగులకు ఈ హార్మోనును ఎక్కిస్తే కళ్లు పెద్దవయ్యాయి. వెచ్చటి పురుగులకు కుకుర్బిటాసిన్ ఎక్కిస్తే చిన్నవయ్యాయి. హార్మోనుకు అడ్డుపడే ఈ పదార్థం మరేదో కాదు, చేదు దోసకాయకు చేదునిచ్చేదే.

అసలు పనితనం ఇక్కడుంది. హార్మోను నెత్తుటిలో కలిసి ఒళ్లంతా తిరుగుతుంది, కానీ దాన్ని పట్టుకునే గ్రాహకం ఉన్న కణాలే స్పందిస్తాయి. ఊరంతా డప్పు చాటింపు వినబడినా, ఎవరి పేరు పిలిచారో వాళ్లే కదిలినట్టు. రెక్కలు మూసి కూర్చున్నప్పుడు బయటికి కనబడే కంటిచుక్కల కేంద్రాల్లో ఆ సమయానికి గ్రాహకం సిద్ధంగా ఉంటుంది. రెక్క పైవైపు, జత కోసం చూపించుకునే చుక్కల్లో ఉండదు. అందుకే కాలం మారినా పైచుక్కలు మారవు, శత్రువు చూసే అడుగుచుక్కలే మారతాయి. ఒకే రెక్కకు రెండు ముఖాలు, రెండు లెక్కలు.

శత్రువు కూడా కాలంతో మారతాడు. వానకాలంలో ప్రధాన శత్రువు గొల్లభామ లాంటి పురుగు. అది కంటిచుక్క మీద దెబ్బ వేస్తే రెక్క అంచు చిరుగుతుంది, ప్రాణం దక్కుతుంది. ఎండకాలంలో వేటాడేది పిట్ట. దానికి కన్ను కనబడితే ఆచూకీ దొరికినట్టే.

కాలాన్ని ఎప్పుడు పసిగట్టాలన్నది మరో చిక్కు. గడ్డి ఎండాక రెక్కను మార్చుకుందామంటే కుదరదు, ప్యూపా నుంచి బయటపడ్డాక రెక్కలో మార్పుండదు. రాబోయే కాలానికి ముందే కుట్టించుకోవాలి. మలావిలో వానలు వెనకబడేకొద్దీ చలి వస్తుంది కాబట్టి అక్కడ చల్లదనం నమ్మదగిన కబురు. ఆదిలాబాద్‌లో డిసెంబరు రాత్రులు పది డిగ్రీల కిందికి దిగుతాయి, అదే పొడికాలం చివర మే నెలలో నలభై అయిదు దాకా ఎక్కుతుంది. ఇక్కడ వేడి అంటే వాన అని గుడ్డిగా లెక్కేస్తే మోసపోవాల్సిందే. వేర్వేరు వాతావరణాల్లోని బైసైక్లస్ జాతులకు వేర్వేరు సూచనలు అవసరమని రోస్కమ్, బ్రేక్‌ఫీల్డ్ 1999లో రాసింది ఇలాంటి చిక్కు గురించే.

పీకాక్ పాన్సీ ప్రజాతికే చెందిన అమెరికా సీతాకోకచిలుక బకై కథ ఇంకో మెలిక చూపిస్తుంది. వేసవిలో లేత గోధుమ, శరత్తులో ఎరుపు దాని తీరు. ఇక్కడా హార్మోను ఎక్డైసోనే, గడియ వేరు. ప్యూపా అయ్యాక 28 నుంచి 48 గంటల మధ్య హార్మోను ఉంటే గోధుమరంగు, లేకపోతే ఎరుపు. కార్నెల్‌లో రాబర్ట్ రీడ్ బృందం ఎరుపువాటినే ఏరి తరాల పాటు పెంచితే, చివరికి ఏ కాలంలో పెంచినా ఎర్రటివే వచ్చాయి. కాలం చేతిలో ఉన్న పని జన్యువుల చేతికి పోయింది. ఆ మార్పు వెనక జన్యువుల్లో ట్రెహలేస్, హెర్ఫ్‌స్ట్, కార్టెక్స్ అనే మూడు చోట్లు తేలాయి, ఫలితం 2020లో వెలువడింది. 2024లో కార్టెక్స్ దగ్గరే ఐవరీ అనే పొడవాటి ఆర్‌ఎన్‌ఏ బయటపడింది. అది ప్రొటీనేదీ తయారుచేయదు, అయినా బకై కాలపు రంగుల్ని నడిపేది అదే.

రెక్క ఇందులో ఒక భాగమే. ఎండకాలపు బైసైక్లస్ ఆడది గుడ్లు పెట్టడం వాయిదా వేసి, ఒంట్లో కొవ్వు దాచుకుని నెలల తరబడి బతుకుతుంది. చల్లగా పెరిగిన తరంలో మగవాటి వెంట ఆడవే పడతాయని 2011లో గమనించారు. జతతోపాటు మగది అందించే పోషకం ఆ కరువులో ప్రాణం నిలుపుతుంది. తొలకరి పడి గడ్డి మొలిచాకే ఇలాంటి తల్లి గుడ్లు పెడుతుంది. ఆ వెచ్చటి రోజుల్లో పెరిగే పిల్లలకు తల్లి ఆకు వేషంతో పనిలేదు, ప్యూపా నుంచి కళ్లతోనే బయటికొస్తాయి.