మూలమును ఊహయు: షెర్లాక్ హోమ్సు కోశములపై ఒక విమర్శ

కల్పిత పాత్రలకు కోశములు కూర్చుట పండితులు చేయదగిన పని కాదని ఒక భావము మనలో కలదు. అందుచేత ఆ పనిని చాలవరకు అభిమానులే చేయుచున్నారు. ఒక రచయితయందు అనురక్తి గల పాఠకులు పదిమంది చేరి, అతని కథలలోని మనుష్యులను, ఊళ్లను, తేదీలను, ఆయుధములను అకారాదిగా అమర్చి ఒక విజ్ఞానసర్వస్వమును నిర్మింతురు. ఇందు వేతనము లేదు, బిరుదు లేదు, ఉన్నదెల్ల ఓపిక. ఆ ఓపిక మెచ్చదగినదే. కాని అట్టి గ్రంథములలో రచయిత చెప్పినది ఎంత, చదువరి కల్పించుకొన్నది ఎంత అను విభాగము సరిగా జరుగుచున్నదా అనునది సాహిత్యపరిశోధకుడు అడుగవలసిన ప్రశ్న. దీనిని పరిశీలించుటకు హోమ్సు కథలకంటె అనువైన క్షేత్రము వేరొకటి నాకు కానరాదు.

ఆర్థర్ కోనన్ డాయిల్ 1887 మొదలు 1927 వరకు హోమ్సును గూర్చి 4 నవలలను, 56 కథలను ప్రకటించెను. ఈ 60 రచనలను అభిమానులు ‘కానన్’ అని వ్యవహరింతురు. క్రైస్తవ మతగ్రంథములలో ఏవి ప్రమాణములో నిర్ణయించు సందర్భమున వాడు మాట అది. మనము మూలసంహిత యనవచ్చును. 1911లో రోనాల్డ్ నాక్సు ఆక్స్‌ఫర్డునందు చదివిన వ్యాసము ఈ పరిశ్రమకు ఆది. బైబిలును ఖండములుగా విడదీసి ఏ భాగము ఎవరు వ్రాసిరో తేల్చు జర్మను పండితుల పద్ధతిని పరిహసింపదలచి, అతడు అదే పద్ధతిని డిటెక్టివు కథలకు అన్వయించెను. పరిహాసము చల్లారినది, పద్ధతి నిలిచినది. 1934లో క్రిస్టఫర్ మోర్లీ స్థాపించిన ‘బేకర్ స్ట్రీట్ ఇర్రెగ్యులర్సు’ సంఘము, 1946లో మొదలైన దాని పత్రిక ఆ పద్ధతిని ఒక ఆటగా పెంచినవి. హోమ్సును వాట్సనును నిజముగా జీవించినవారనియు, కథలు వాట్సన్ వ్రాసిన చరిత్రలనియు, డాయిల్ వానిని అచ్చునకు అందించినవాడు మాత్రమే యనియు భావించుట ఆ ఆటకు మొదటి నియమము.

ఆట మంచిదే. చిక్కంతయు ఆటలోని వాక్యము కోశములోని వాక్యముగా మారినప్పుడు పుట్టుచున్నది.

వాట్సన్ గాయమును చూడుడు. ‘ఎ స్టడీ ఇన్ స్కార్లెట్’లో మైవాండు యుద్ధమున అతని భుజమునకు గుండు తగిలినది. 1890 నాటి ‘ది సైన్ ఆఫ్ ఫోర్’లో గాయము కాలికి దిగినది. గుండ్లు రెండని కొందరు, అతడు వంగియుండగా ఒకే గుండు రెండుచోట్ల గాయపరచినదని కొందరు సమాధానము చెప్పిరి. ఇది మన మీమాంసకుల అర్థాపత్తి వంటిది. దేవదత్తుడు పగలు భుజింపడు, అయినను బలిసియున్నాడు. కావున రాత్రి భుజించుచుండవలెను. కాని అర్థాపత్తికి చోటు వేరు దారి లేనప్పుడే కదా! ఇచ్చట వేరు దారి సుగమముగానున్నది: రచయిత మరచెను. ఈ సమాధానమును ఆట నిషేధించును. కోశమునకు ఆ నిషేధము వర్తింపదు. వర్తించునని తలచి ‘వాట్సన్ రెండు గాయములు పొందెను’ అని వ్రాసిన కోశకర్త డాయిల్ రచనావిధానమునకు దొరకిన ఒక సాక్ష్యమును తుడిచివేయుచున్నాడు. మూడేండ్లక్రితము తాను వ్రాసినదానిని తిరిగి చూచుకొనని రచయిత అను విషయము ఆ రెండవ గాయమువలననే మనకు తెలియుచున్నది. అర్థము కుదురలేదని తాళపత్ర పాఠమును దిద్దిన లేఖకుడును ఇట్టి అపకారమునే చేసెను.

అయినను ఊహలన్నియు ఒక తరగతివి కావు. ‘ది మాన్ విత్ ది ట్విస్టెడ్ లిప్’లో జాన్ వాట్సనును భార్య ‘జేమ్సు’ అని పిలుచును. అతని పేరిటి నడిమి అక్షరమగు ‘హెచ్’ ఏ పేరునకు గుర్తో డాయిల్ ఎచ్చటను చెప్పలేదు. డొరొతీ సేయర్సు ఆ అక్షరము ‘హామిష్’ అనెను. అది జేమ్సు అను పేరునకు స్కాట్లండు రూపము. ఒక్క కల్పనతో రెండు చిక్కులు విడిపోవుచున్నవి. కల్పనాలాఘవమును కోరు మనవారు దీనిని తప్పక మెచ్చుకొందురు. అంతమాత్రమున అది మూలము కాజాలదు. సేయర్సు పేరు ప్రక్కన లేక ‘హామిష్’ అను మాట కోశములో నిలువరాదు.

ఇంతకంటె సూక్ష్మమైన దోషము హోమ్సు జన్మదినమును గూర్చినది. ‘1854 జనవరి 6న జన్మించెను’ అను వాక్యము పెక్కుచోట్ల కనబడును. ‘హిజ్ లాస్ట్ బౌ’ కథ 1914 ఆగస్టులో జరిగినది. అందు మారువేషముననున్న హోమ్సు అరువదియేండ్లవాడని వర్ణింపబడెను. కనుక 1854 అనుమానసిద్ధము, అదియు ఇంచుమించుగా. జనవరి 6 సంగతి వేరు. షేక్స్‌పియరు నాటకములలో ‘ట్వెల్ఫ్త్ నైట్’లోని మాటను హోమ్సు రెండుసారులు ఉదాహరించెననియు, ఆ పేరుగల పర్వము ఆ తేదీకి సంబంధించినది గనుక అదియే అతని పుట్టినరోజనియు అభిమానులు నిశ్చయించుకొనిరి. అనుమానము, వినోదము ఒకే వాక్యములో ఒకే ముఖముతో నిలిచినవి. 1962లో బేరింగ్-గూల్డ్ రచించిన జీవితచరిత్ర ఇంకను ముందుకు పోయినది. హోమ్సు పూర్తిపేరు విలియం షెర్లాక్ స్కాట్ హోమ్సు. తండ్రి సైగర్, తల్లి వయొలెట్, పెద్దన్న షెరిన్‌ఫర్డ్. మూలములో తల్లిదండ్రుల పేర్లే లేవు. అన్న ఒక్కడు, అతడు మైక్రాఫ్టు. షెరిన్‌ఫర్డ్ అనునది డాయిల్ తన నాయకునకు మొదట తలపోసి విడిచిన పేరు. ఆ చరిత్ర సరసమైన గ్రంథమే. కాని దానినుండి కోశములు, కోశములనుండి నాటకకర్తలు గ్రహించిరి. బి.బి.సి. వారి ధారావాహికలో 2014లో నాయకుడు తన పేరు విలియం షెర్లాక్ స్కాట్ హోమ్సు అని తానే చెప్పుకొనెను. ఇపుడు చూచినవాడు ‘ఇది ఊహ కాదు, ఆయన నోటనే వింటిని’ అని వాదించును. ఆ ధారావాహిక మట్టుకు అతడు చెప్పినది నిజమే.

ఈ స్థితి మనకు క్రొత్తది కాదు. 1957 నాటి ‘మాయాబజార్’ చూచిన తెలుగువానికి బలరాముని కూతురు శశిరేఖ ఎంత ఎరుకయో విరాటరాజపుత్రి ఉత్తర అంత ఎరుక కాదు. వ్యాసభారతమున అభిమన్యునికి శశిరేఖ లేదు. భారతపాత్రల కోశమున ఆమెకు చోటీయవలెనా? ఈయవలెననియే నా అభిప్రాయము. కాని ఆమె పేరు ఏ ఆధారముక్రింద నిలుచునో మొదటి పంక్తియందే చెప్పవలెను.

మూలమునకే గట్లు స్థిరముగా లేవని ఆక్షేపింపవచ్చును. కొంత నిజము. ‘ది కార్డ్‌బోర్డ్ బాక్స్’ 1893లో పత్రికలో వెలువడియు మరుసటి ఏటి ఇంగ్లండు సంపుటమున చేర్పబడలేదు. దాని ప్రారంభమునందలి మనస్సును చదువు ఘట్టమును మరియొక కథకు తరలించిరి. డాయిలే 1896లో వ్రాసిన ‘ది ఫీల్డ్ బజార్’ అను చిన్న పరిహాసరచన 60లో చేరదు. 1948లో డాయిల్ కథయని అచ్చుపడిన ‘ది మాన్ హూ వాజ్ వాంటెడ్’ ఆర్థర్ విటేకర్ అను వాస్తుశిల్పిదని పిదప తేలినది. గట్టు జరిగినచోట ఆ జరుగుటను నమోదు చేయవలెను. అంతియేగాని గట్టే లేదనుట తగదు.

చివరకు ఒక పదమును తీసికొందము. 1892 నాటి ‘ది స్పెకిల్డ్ బాండ్’లో కలకత్తాలో వైద్యము చేసి తిరిగివచ్చిన రాయ్లట్ తన సవతికూతుండ్రను చంపుటకు ఒక పామును వాడును. హోమ్సు దానిని ‘స్వాంప్ ఆడర్’ అనియు, ఇండియాలోకెల్ల ఘోరమైన సర్పమనియు చెప్పును. అది గంటత్రాడు వెంబడి దిగును, ఈలకు మరలివచ్చును, పాలు త్రాగును. పాములకు పాలు ఆహారము కావు. నాగులచవితినాడు పుట్టలో పాలు పోయు మనకు ఈ మాట రుచింపదు. ఆ పేరుగల పాము ఇండియాలో లేదు. అభిమానులు ఊరకుందురా? నాగుపామనిరి, కట్లపామనిరి, రక్తపింజర యనిరి. క్లాబర్ అను సర్పశాస్త్రజ్ఞుడు విషపు బల్లికిని నాగుపామునకును పుట్టిన సంకరమని వినోదముగా ప్రతిపాదించెను.

ఇందు మన పాలు కొంత కలదు. కట్లపాముల జాతికి శాస్త్రనామమగు ‘బుంగారస్’ తెలుగు ‘బంగారు’ శబ్దమునుండి వచ్చినది. విశాఖపట్టణమున నివసించిన పాట్రిక్ రస్సెల్ 1796లో కోరమాండలు తీరపు సర్పములను గూర్చి ప్రకటించిన గ్రంథమున ‘బంగారు పాము’ను, నేడు అతని పేరనే చెలామణియగు రక్తపింజరను ‘కాటుకరేకుల పొడ’ యను పేరను చేర్చెను. ఇంత చక్కని సంబంధము కనబడగానే డాయిల్ పామును మనదని వ్రాసికొన బుద్ధి పుట్టును. ఆ బుద్ధిని ఆపి మూలమును చదువవలెను. పసుపుపై గోధుమవన్నె చుక్కలు, చదునైన వజ్రాకారపు తల, ఉబ్బిన మెడ. బంగారు పామునకు ఉన్నవి చుక్కలు కావు, పట్టెలు. తల పింజరజాతిది, మెడ నాగుపాముది. కరచిన పది క్షణములలో ప్రాణము తీయుట వీనిలో దేనికిని సాధ్యము కాదు. కోశకర్త ఈ వర్ణనను మూలముక్రింద వ్రాసి, ఊహలను ఊహించినవారి పేర్లతో దిగువనుంచి, జాతి యన్నచోట ‘నిర్ణీతము కాదు’ అని వ్రాసి తరువాతి పదమునకు పోవలెను.